లేటరల్ ఎంట్రీ: ప్రకటన వెనక్కి వెళ్లింది, ప్రశ్నలు మిగిలాయి

కరోల్ బాగ్ (ఢిల్లీ): పూసా రోడ్డు మీదుగా సాగే మెట్రో నీలి మార్గానికి ఇరువైపులా, కరోల్ బాగ్ నుంచి ఓల్డ్ రాజిందర్ నగర్ వరకు విస్తరించిన వీధులు దేశంలోకెల్లా పేరున్న పరీక్షల బజారు. సివిల్ సర్వీసెస్ శిక్షణ సంస్థలు, జిరాక్సు నోట్సు అమ్మే దుకాణాలు, నెలవారీ రుసుముపై కుర్చీ, బల్ల ఇచ్చే లైబ్రరీలు, ఇరుకైన అద్దె గదులు ఇక్కడి ఆర్థిక వ్యవస్థకు ఆధారం. హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధులు గ్రూప్స్ అభ్యర్థులకు ఎటువంటివో, యూపీఎస్సీ అభ్యర్థులకు ఈ ప్రాంతం అటువంటిది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఏటా యువతీయువకులు ఇక్కడికి వస్తున్నారు.

2024లో మూడు వారాల తేడాతో ఈ వీధులకు సంబంధించిన రెండు పరిణామాలు చోటుచేసుకున్నాయి. జులై 27 సాయంత్రం ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఒక శిక్షణ కేంద్రం సెల్లారులో నడుస్తున్న లైబ్రరీలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. పరీక్ష కోసం యువత ఎటువంటి పరిస్థితుల్లో చదువుతున్నదో ఆ ఘటన దేశానికి చూపింది. ఆగస్టు 17న యూపీఎస్సీ మరో ప్రకటన వెలువరించింది. కేంద్ర ప్రభుత్వంలోని 24 మంత్రిత్వ శాఖల్లో 45 ఉన్నత పదవులను సివిల్ సర్వీసెస్ పరీక్షతో నిమిత్తం లేకుండా, బయటి నిపుణులతో నేరుగా భర్తీ చేస్తామన్నది దాని సారాంశం. మూడు రోజుల తర్వాత, ఆగస్టు 20న, ఆ ప్రకటన రద్దయింది.

రద్దుతో వివాదం సద్దుమణిగింది. అయితే ప్రభుత్వ పదవిని పోటీ పరీక్ష లేకుండా ఎప్పుడు ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వవచ్చు, ఆ ఎంపికకు ఆధారమేమిటో ఎవరు చూడగలగాలి అన్న ప్రశ్నలకు ఆ మూడు రోజుల్లో సమాధానం రాలేదు. ఈ ప్రశ్నలు ఢిల్లీకి పరిమితమైనవీ కావు. నీళ్లు, నిధులతో పాటు నియామకాలను కూడా ఒక ఉద్యమ నినాదంగా మార్చుకున్న తెలుగు ప్రాంతాలకు వీటితో దశాబ్దాల పరిచయం ఉన్నది.

ఆ మూడు రోజుల్లో జరిగినది

యూపీఎస్సీ ప్రకటించిన 45 పోస్టుల్లో 10 సంయుక్త కార్యదర్శి స్థాయివి. మిగిలిన 35 డైరెక్టర్, ఉప కార్యదర్శి స్థాయివి. సెమీకండక్టర్లు, పునరుత్పాదక ఇంధనం, సైబర్ భద్రత వంటి రంగాలు వాటిలో ఉన్నాయి. సంయుక్త కార్యదర్శి పదవికి కనీసం 15 ఏళ్లు, డైరెక్టర్‌కు 10 ఏళ్లు, ఉప కార్యదర్శికి 7 ఏళ్ల అనుభవం ఉండాలన్నారు. రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వరంగ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలతో పాటు ప్రైవేటు, బహుళజాతి సంస్థల్లో తత్సమాన స్థాయిలో పనిచేస్తున్నవారు అర్హులు. కాంట్రాక్టు కాలం మూడేళ్లు. పనితీరును బట్టి ఐదేళ్ల వరకు పొడిగించవచ్చు. రాతపరీక్ష లేదు. దరఖాస్తుల వడపోత, ఆ తర్వాత ఇంటర్వ్యూ, అంతే.

ప్రకటనలో రిజర్వేషన్ ప్రస్తావన లేకపోవడంతో లోక్‌సభలో ప్రతిపక్ష నేత రాహుల్ గాంధీ, కాంగ్రెస్ అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే తీవ్రంగా స్పందించారు. అధికార కూటమిలోనూ ఏకాభిప్రాయం కనిపించలేదు. లోక్ జనశక్తి (రామ్ విలాస్) నేత, కేంద్ర మంత్రి చిరాగ్ పాస్వాన్, జనతాదళ్ (యునైటెడ్) నాయకులు అభ్యంతరం తెలిపారు. తెలుగుదేశం పార్టీ మాత్రం బయటి నైపుణ్యం ప్రభుత్వానికి అవసరమంటూ విధానాన్ని సమర్థించింది. యూపీఏ హయాంలో ఏర్పాటైన రెండో పరిపాలనా సంస్కరణల సంఘమే ఈ సూచన చేసిందని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ గుర్తుచేశారు.

ఆగస్టు 20న సిబ్బంది వ్యవహారాల సహాయ మంత్రి జితేంద్ర సింగ్ యూపీఎస్సీ ఛైర్‌పర్సన్ ప్రీతి సూదన్‌కు లేఖ రాశారు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన 1983 బ్యాచ్ విశ్రాంత ఐఏఎస్ అధికారి అయిన ఆమె ఆ పదవి చేపట్టి అప్పటికి మూడు వారాలే. లేటరల్ ఎంట్రీ రాజ్యాంగంలోని సమానత్వ, సామాజిక న్యాయ సూత్రాలకు అనుగుణంగా, ముఖ్యంగా రిజర్వేషన్ల విషయంలో, ఉండాలన్నది ప్రధానమంత్రి దృఢ అభిప్రాయమని పేర్కొంటూ ప్రకటనను రద్దు చేయాలని మంత్రి ఆ లేఖలో కోరారు. విధానం తప్పని ఆ లేఖ చెప్పలేదు. దానిని అమలు చేసిన తీరును సమీక్షించి సవరించాలన్నది.

దొడ్డిదారి అన్న మాట ఎంతవరకు వర్తిస్తుంది?

తెలుగు పత్రికల్లో ఈ విధానానికి ‘పార్శ్వ ప్రవేశం’ అన్న పేరు కొంత కనిపించింది. రాజకీయ ప్రకటనల్లో మాత్రం ‘దొడ్డిదారి’ అన్నదే ఎక్కువగా వినిపించింది. మొదటిది ప్రక్రియకు పేరు, రెండోది దానిపై తీర్పు. రెండింటినీ కలిపేస్తే అసలు తేడాలు కనబడకుండా పోతాయి.

బహిరంగ పోటీ పరీక్ష లేకుండా ప్రభుత్వ కొలువులోకి వచ్చే మార్గాలు నాలుగైదు ఉన్నాయి. విధి నిర్వహణలో మరణించిన ఉద్యోగి కుటుంబాన్ని ఆదుకునే కారుణ్య నియామకం ఒకటి. అది హక్కు కాదని, ఆకస్మిక కష్టం నుంచి కుటుంబాన్ని గట్టెక్కించే మినహాయింపు మాత్రమేనని సుప్రీంకోర్టు 1994లోనే స్పష్టం చేసింది. అందుకే సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకం 2017లో న్యాయస్థానంలో నిలవలేదు. వైద్యపరంగా పనికి అనర్హులైన కార్మికుల కుటుంబాలకు పరిమితమైన కారుణ్య నియామకాల రూపంలోనే సంస్థ ముందుకు సాగవలసివచ్చింది. ఒక శాఖ ఉద్యోగిని మరో శాఖకు పంపే డిప్యుటేషన్ ఇంకొకటి. కాంట్రాక్టు, పొరుగుసేవల నియామకాలు మరో రకం. లేటరల్ ఎంట్రీ వీటన్నింటికంటే భిన్నమైనది: ప్రకటన ఉంటుంది, రాజ్యాంగబద్ధ సంస్థ ఎంపిక చేస్తుంది, ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు.

పోటీ కూడా తక్కువేమీ కాదు. 2018లో తొలిసారి 10 సంయుక్త కార్యదర్శి పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు 6,077 దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్కో పోస్టుకు దాదాపు 608 మంది. 2024 సివిల్ సర్వీసెస్ పరీక్షకు 9,92,599 మంది దరఖాస్తు చేయగా ప్రిలిమ్స్ రాసినవారు 5,83,213 మంది. చివరకు ఎంపికైనవారు 1,009 మంది. అంటే పరీక్ష రాసినవారిలో దాదాపు 578 మందికి ఒకరు. కేవలం సంఖ్యలే కొలమానమైతే రెండు ద్వారాలూ ఒకే ఇరుకు.

తేడా అంతా ఆ ద్వారం దగ్గర జరిగే పనిలో ఉన్నది. సివిల్ సర్వీసెస్ పరీక్షలో మెయిన్స్‌కు 1,750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2,025 మార్కులు. ఎంపికైన ప్రతి ఒక్కరి మార్కులనూ యూపీఎస్సీ ప్రకటిస్తుంది. ఎంపిక కానివారు తమ మార్కులు చూసుకుని ఎక్కడ ఆగిపోయారో తెలుసుకోగలరు. ఏ వర్గం నుంచి ఎందరు ఎంపికయ్యారో ఫలితాల రోజే వెల్లడవుతుంది. 2024 పరీక్షలో ఎంపికైన 1,009 మందిలో జనరల్ 335, ఈడబ్ల్యూఎస్ 109, ఓబీసీ 318, ఎస్సీ 160, ఎస్టీ 87 మంది. లేటరల్ ఎంట్రీలో 2019 ఫలితాల ప్రకటన ఎంపికైనవారి పేర్లు, పదవులు, శాఖలతో ముగిసింది. ఆరు వేల దరఖాస్తుల నుంచి ఇంటర్వ్యూకు కొందరినే ఎందుకు పిలిచారో, తిరస్కరణకు గురైనవారు ఏ అంశంలో వెనుకబడ్డారో బయటివారికి తెలిసే దారి లేదు. ఓడినవాడికి తన ఓటమికి కారణం తెలియని పోటీని న్యాయమైనదని నమ్మించడం కష్టం. కరోల్ బాగ్ అభ్యర్థికి ఈ విధానం పట్ల ఉన్న అపనమ్మకానికి మూలం ఇక్కడున్నది.

ఒక్కొక్క పోస్టు, సున్నా రిజర్వేషన్

రెండో అభ్యంతరం గణితానికి సంబంధించినది. కేంద్ర కొలువుల్లో నేరుగా చేసే నియామకాల్లో ఓబీసీలకు 27, ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఈడబ్ల్యూఎస్ వర్గానికి 10 శాతం కోటా ఉన్నది. దీనిని అమలు చేసే సాధనం రోస్టరు. వరుసలో ప్రతి నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పదోది ఈడబ్ల్యూఎస్‌కు, పద్నాలుగోది ఎస్టీకి వచ్చేలా పట్టిక ఉంటుంది. వరుసలో ఒకే ఒక్క పోస్టు ఉంటే ఎవరి వంతూ రాదు. ఏకైక పోస్టు ఉన్న కేడర్‌లో రిజర్వేషన్ వర్తింపజేస్తే ఆ పోస్టు నూరు శాతం రిజర్వు అయిపోతుందని, అది చెల్లదని చండీగఢ్ పీజీఐ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1998లో తీర్పు ఇచ్చింది.

లేటరల్ ఎంట్రీలో ప్రతి పోస్టునూ విడివిడి ఏకైక పోస్టుగానే కేంద్రం పరిగణించింది. ఇవి డిప్యుటేషన్‌ను పోలిన నియామకాలు గనుక రిజర్వేషన్ తప్పనిసరి కాదన్న వాదన కూడా సిబ్బంది, శిక్షణ వ్యవహారాల శాఖ చేసింది. సాంకేతికంగా ఈ వైఖరికి న్యాయస్థానం తీర్పు ఊతం ఉన్నది. దాని ఫలితం మాత్రం చిత్రంగా ఉన్నది. 45 పోస్టులను ఒకే సమూహంగా లెక్కిస్తే ఓబీసీలకు 12, ఎస్సీలకు 6, ఎస్టీలకు 3, ఈడబ్ల్యూఎస్‌కు 4, మొత్తం 25 పోస్టులు దక్కుతాయి. 45 విడి పోస్టులుగా లెక్కిస్తే ఆ 25 సున్నా అవుతాయి. పోస్టులు అవే, ప్రకటన అదే, ఎంపిక సంస్థ అదే. మారినదల్లా ఏది యూనిట్ అన్న నిర్ణయం.

ఈ యూనిట్ వివాదం దేశానికి కొత్త కాదు. విశ్వవిద్యాలయ అధ్యాపక నియామకాల్లో విశ్వవిద్యాలయాన్ని కాకుండా విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. 2018 మార్చిలో యూజీసీ ఆ మేరకు ఆదేశాలిచ్చింది. చిన్న విభాగాల్లో రిజర్వుడు పోస్టులు దాదాపు మాయమవుతుండటంతో దేశవ్యాప్తంగా ఆందోళనలు చెలరేగాయి. 2019 మార్చిలో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది; అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసి విద్యాసంస్థ మొత్తాన్నీ ఒకే యూనిట్‌గా నిర్ధారించింది. తెలుగు శాఖలో ఒకే ప్రొఫెసర్ పోస్టు ఉన్నా, భౌతికశాస్త్రంలో ఒకే పోస్టు ఉన్నా, రోస్టరులో అవి ఒకే వరుసలోకి వస్తాయి. వేర్వేరు నైపుణ్యాలు అవసరమైన పోస్టులకు ఉమ్మడి రోస్టరు అసాధ్యమన్న వాదనకు ఆ చట్టమే జవాబు. సెమీకండక్టర్ల నిపుణుడికి, పునరుత్పాదక ఇంధన నిపుణుడికి మధ్య ఉన్న దూరం, తెలుగు ఆచార్యుడికి, భౌతికశాస్త్ర ఆచార్యుడికి మధ్య దూరం కంటే ఎక్కువేమీ కాదు.

అవసరం నిజమే

లేటరల్ ఎంట్రీని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. పార్లమెంటుకు సమర్పించిన లెక్కల ప్రకారం 2024 జనవరి 1 నాటికి ఐఏఎస్ అధీకృత సంఖ్య 6,858 కాగా విధుల్లో ఉన్నవారు 5,542. అంటే 1,316 ఖాళీలు. పరీక్ష ద్వారా ఏటా ఐఏఎస్‌లోకి తీసుకునేది 180 మందినే. రాష్ట్రాలే కొరతలో ఉన్నప్పుడు అవి ఢిల్లీకి అధికారులను పంపడం తగ్గుతుంది. ఇరవై అయిదేళ్ల వయసులో రాసిన పరీక్ష, ఇరవై ఏళ్ల తర్వాత చిప్‌ల తయారీ విధానాన్నో, ఆర్థిక సాంకేతికత నియంత్రణనో నడిపించే పరిజ్ఞానానికి హామీ కాలేదన్నదీ నిజమే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ప్రభుత్వరంగ పరిశ్రమల నిర్వహణకు అనుభవజ్ఞులను తీసుకునేందుకు 1957లోనే ‘ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ పూల్’ ఏర్పాటైంది. ఆ ప్రయోగం ఒక విడత ఎంపికతోనే ఆగిపోయింది. మన్మోహన్ సింగ్ 1971లో వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆర్థిక సలహాదారుగా, మాంటెక్ సింగ్ అహ్లువాలియా 1979లో ఆర్థిక మంత్రిత్వ శాఖలోకి బయటి నుంచి వచ్చినవారే. వీరప్ప మొయిలీ అధ్యక్షతన 2005లో ఏర్పాటైన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం, 2008లో ఇచ్చిన పదో నివేదికలో, బయటి ప్రతిభను వ్యవస్థీకృతంగా, పారదర్శకంగా తీసుకోవాలని సూచించింది. 2017లో నీతి ఆయోగ్ దానిని మళ్లీ ముందుకు తెచ్చింది. 2019లో తొమ్మిది మంది, 2021లో 31 మంది ఎంపికయ్యారు. 2024 ఆగస్టు నాటికి అయిదేళ్లలో 63 మందిని ఈ పద్ధతిలో నియమించామని, వారిలో 35 మంది ప్రైవేటు రంగం నుంచి వచ్చినవారని, 57 మంది విధుల్లో ఉన్నారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

పరీక్షే పరమ పవిత్రమని వాదించడానికి కూడా ఆస్కారం లేదు. అదే 2024 జులై 31న, తప్పుడు వివరాలతో పరిమితికి మించి పరీక్ష రాసినట్లు తేలిందంటూ ఒక ప్రొబేషనరీ ఐఏఎస్ అధికారి అభ్యర్థిత్వాన్ని యూపీఎస్సీ రద్దు చేసింది. తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ నిర్వహించిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త ప్రకటన వచ్చేవరకు అభ్యర్థులు ఒకే మెట్టు మీద రెండేళ్లు నిలబడ్డారు.

అయితే ఈ వైఫల్యాలు బయటపడిన తీరును గమనించాలి. పరీక్షకు నిబంధనలు, మార్కులు, హాజరు పట్టికలు ఉన్నాయి గనుకనే తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలిగారు, న్యాయస్థానం జోక్యం చేసుకోగలిగింది. వడపోత ప్రమాణాలే బయటికి తెలియని ఎంపికలో తప్పు జరిగినా పట్టుకునే ఆధారం దొరకదు.

పరీక్ష ద్వారం వెడల్పయిన వైనం

పోటీ పరీక్ష పుట్టుకతోనే సమానత్వాన్ని తెచ్చిందనుకోవడం కూడా పొరపాటే. భారత సివిల్ సర్వీసుకు తొలి పోటీ పరీక్ష 1855లో లండన్‌లో జరిగింది. సముద్రం దాటి వెళ్లగలిగినవారికే అది అందుబాటు. 1870ల చివర గరిష్ఠ వయసును 19కి తగ్గించినప్పుడు సురేంద్రనాథ్ బెనర్జీ దేశమంతా తిరిగి నిరసన కూడగట్టారు. భారత గడ్డపై ఆ పరీక్ష జరగడానికి 1922 వరకు ఆగవలసివచ్చింది. కొఠారీ సంఘం సిఫార్సులతో 1979 నుంచి మెయిన్స్‌ను రాజ్యాంగం గుర్తించిన భారతీయ భాషల్లో రాసే వీలు కలిగింది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ప్రభుత్వ ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ తెలుగులో రాసి 2016 పరీక్షలో జాతీయ స్థాయి మూడో ర్యాంకు సాధించగలగడం వెనుక ఈ దీర్ఘ చరిత్ర ఉన్నది.

ఒక్కో తరం పోరాడి ఈ ద్వారాన్ని కొంచెం కొంచెం వెడల్పు చేసింది. లేటరల్ ఎంట్రీ అర్హతలు చూస్తే, పెద్ద సంస్థలో ఉన్నత స్థాయికి అప్పటికే చేరినవారికే అది తెరుచుకుంటుంది. ప్రైవేటు రంగంలోని ఆ స్థాయి పదవుల్లో రిజర్వేషన్ లేదు. ఆ మెట్టు మీద ఎవరున్నారో వారి నుంచే ఎంపిక జరుగుతుంది. కాబట్టి ఈ ప్రక్రియలో కోటా ఉండాలా వద్దా అన్నదానితో పాటు, అర్హుల జాబితాయే ఎంత ఇరుకైనదో కూడా చూడవలసి ఉంటుంది. రిజర్వుడు వర్గాల నుంచి తగిన అనుభవం ఉన్నవారు రాష్ట్ర సర్వీసుల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. వారిదాకా ప్రకటన చేరేలా, వారి అనుభవానికి సమాన విలువ లభించేలా చూడకపోతే కాగితం మీది కోటా ఖాళీగా మిగులుతుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

నియామకానికి అనుసరించిన మార్గం ఏళ్ల తర్వాత కూడా ఉద్యోగిని వెంటాడుతుందని తెలుగు రాష్ట్రాలు చూశాయి. ముల్కీ నిబంధనలు, 1973 నాటి ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 నాటి 610 జీవో: ఈ వరుసంతా ఎవరు ఏ దారిన కొలువులోకి వచ్చారన్న ప్రశ్న చుట్టూ తిరిగినదే.

పరీక్ష లేకుండా తీసుకోవడం, తర్వాత క్రమబద్ధీకరించడం మరో పరంపర. దినవేతన నియామకాలు పెరిగిపోవడంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది 212 జీవో ద్వారా, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు పూర్తిచేసిన దినవేతన సిబ్బందిని క్రమబద్ధీకరించింది. దొడ్డిదారి నియామకాలను క్రమబద్ధీకరించడం రాజ్యాంగ సమ్మతం కాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గట్టిగా చెప్పింది. అయినా తెలంగాణ 2016లో 16వ జీవో తెచ్చి, 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు సిబ్బందిని పర్మనెంట్ చేసింది. 2024 నవంబరులో ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన నిబంధనను హైకోర్టు కొట్టివేసింది. ఇప్పటికే క్రమబద్ధమైనవారిని మాత్రం కదిలించలేదు. ఆంధ్రప్రదేశ్ కూడా 2023లో కాంట్రాక్టు ఉద్యోగుల కోసం ప్రత్యేక చట్టం చేసింది.

అన్నింటికంటే స్పష్టమైన పాఠం 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దొరుకుతుంది. ఆ ఏడాది ఒకే ప్రభుత్వం, ఒకే వ్యవస్థ కోసం, రెండు ద్వారాలు తెరిచింది. గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా పోస్టులకు సెప్టెంబరులో రాతపరీక్ష పెట్టింది. వారితో కలిసి పనిచేసేందుకు, యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, రెండున్నర లక్షలకు పైగా వాలంటీర్లను ఇంటర్వ్యూతోనే, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంపై తీసుకున్నది. పరీక్ష రాసి వచ్చినవారు ప్రభుత్వం మారిన తర్వాత కూడా ఉద్యోగులుగా కొనసాగుతున్నారు. వాలంటీర్ల విషయంలో, 2023 ఆగస్టు తర్వాత వారిని కొనసాగిస్తూ ఉత్తర్వులే లేవని 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం చట్టసభకు తెలిపింది. అయిదేళ్లు ఇంటింటికీ పింఛను చేర్చినవారికి తాము వ్యవస్థలో ఎన్నడు భాగమో, ఎన్నడు కాదో చెప్పే కాగితం లేకపోయింది.

వాలంటీరుకు, కేంద్ర సంయుక్త కార్యదర్శికి హోదాలో పోలిక లేదు. అయినా పోటీకి నిలబడని నియామకం బయటివారికి అన్యాయమని చెప్పుకోవడంతో సరిపెడుతున్నాం గాని, లోపలికి వచ్చినవారికి కూడా అది రక్షణ ఇవ్వదన్న సంగతి ఈ అనుభవం చెబుతుంది. తీసుకున్న చెయ్యి మారితే వారి స్థానం కూడా మారుతుంది. మూడేళ్ల కాంట్రాక్టుతో ఢిల్లీకి వచ్చిన నిపుణుడు మంత్రికి ఇష్టంలేని నోటు ఫైలుపై నిర్భయంగా రాయగలడా అన్న సందేహం ఇందులోంచి వస్తుంది. ఉన్నతాధికారి ఎవరి దయతోనూ కొలువులో లేడన్న ధీమాయే స్వతంత్ర సివిల్ సర్వీసుకు పునాది.

ఇతర దేశాలు చేసినది

సిఫార్సు నియామకాల స్థానంలో బహిరంగ పోటీ రావాలన్న నార్త్‌కోట్-ట్రెవెలియన్ నివేదిక బ్రిటన్‌లో 1854లో వెలువడింది. అమెరికాలో పదవి దక్కలేదన్న కసితో ఒక వ్యక్తి 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై కాల్పులు జరపగా, ఆయన మరణం తర్వాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చింది. రెండు దేశాలూ మినహాయింపులను పూర్తిగా మూసేయలేదు. బ్రిటన్‌లో పోటీ లేకుండా తాత్కాలికంగా నియమించుకునే వీలు నేటికీ ఉన్నది. దానిపై స్వతంత్ర సివిల్ సర్వీస్ కమిషన్ నిఘా ఉంటుంది. 2024 ఆగస్టులోనే, ఢిల్లీలో వివాదం రేగుతున్న సమయంలోనే, అధికార లేబర్ పార్టీకి విరాళమిచ్చిన వ్యక్తికి ఆర్థిక శాఖలో ఇటువంటి నియామకం దక్కడం లండన్‌లో దుమారం లేపింది. జులై నుంచి జరిగిన అటువంటి నియామకాలను సమీక్షిస్తామని కమిషన్ ప్రకటించింది. తప్పు జరగలేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. సమీక్షించే బాధ్యత ఎవరిదో మాత్రం అక్కడ ముందే నిర్ణయమై ఉన్నది.

మళ్లీ ప్రకటన ఇస్తే

కేంద్రం ఈ విధానాన్ని వదులుకున్నట్లు ఎక్కడా చెప్పలేదు. కాబట్టి మరో ప్రకటన వచ్చే అవకాశాన్ని దృష్టిలో ఉంచుకుని సరిదిద్దవలసినవి నాలుగు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఒకే స్థాయి, ఒకే జీతభత్యాలు ఉన్న పోస్టులన్నింటినీ ఒకే రోస్టరులోకి తేవడం. 2019 నాటి విద్యాసంస్థల చట్టం ఇందుకు మార్గం చూపుతున్నది. ఒక విడతలో రెండుమూడు పోస్టులే ఉన్నా, వరుస తర్వాతి విడతకు కొనసాగితే వంతు తప్పిపోదు.

రెండోది, వడపోత ప్రమాణాలను దరఖాస్తుల గడువుకు ముందే ప్రకటించడం, ఎంపిక తర్వాత మార్కులను బయటపెట్టడం. సివిల్ సర్వీసెస్ పరీక్షకు యూపీఎస్సీ ఇప్పటికే చేస్తున్న పని ఇది. పది మందికో, నలభై అయిదు మందికో చేయడం కష్టమేమీ కాదు.

మూడోది, ప్రయోజనాల సంఘర్షణకు అడ్డుకట్ట. విరమణ చేసిన ఐఏఎస్ అధికారి ఏడాదిలోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఒక పరిశ్రమ నుంచి వచ్చి, అదే పరిశ్రమపై విధానాలు రాసి, మూడేళ్లకు అక్కడికే తిరిగి వెళ్లే నిపుణుడికి అంతకంటే సడలింపు ఉండటానికి కారణం కనబడదు. ఆ నిబంధన నియామక పత్రంలోనే ఉండాలి.

నాలుగోది, మదింపు. 63 మందిని నియమించామన్న సంఖ్య పార్లమెంటుకు అందింది. వారు ఏ శాఖలో ఏం మార్చారు, ఎందరి కాలపరిమితిని పొడిగించారు, మధ్యలో వెళ్లిపోయినవారు ఎందుకు వెళ్లారు అన్నవి కూడా అదే వేదికపై వెల్లడి కావాలి. విధానం విజయవంతమైతే దానిని నిరూపించే ఆధారం అదే అవుతుంది.

వీటికి సమాంతరంగా పరీక్ష వైపు కూడా పని మిగిలి ఉన్నది. 2021 మార్చి 1 నాటికి కేంద్రంలో మంజూరైన 40,35,203 పోస్టుల్లో 9,79,327 ఖాళీగా ఉన్నాయని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. 45 ఉన్నత పదవుల భర్తీపై రేగిన ఆగ్రహంలో ఈ పెద్ద ఖాళీ నీడ కూడా ఉన్నది. సకాలంలో ప్రకటనలు, లీకేజీలు లేని పరీక్షలు, ఏడాదిలోపు నియామక పత్రాలు అందుతుంటే, పైస్థాయిలో కొద్దిమంది నిపుణుల రాకను ఆశావహులు ఇంత అనుమానంగా చూడకపోవచ్చు. జనరల్ వర్గానికి ఆరు, ఓబీసీలకు తొమ్మిది ప్రయత్నాలే ఉన్న పరీక్ష ఇది. కరోల్ బాగ్ అద్దె గదుల్లో ఆ ప్రయత్నాలను ఒక్కొక్కటిగా ఖర్చు చేసుకుంటున్నవారు ప్రభుత్వాన్ని అడుగుతున్నది తమకు వర్తించే కొలమానం పైమెట్టు మీదికి వచ్చేవారికి కూడా కనబడేలా వర్తించాలని. 2024 ఆగస్టు 20 నాటి లేఖ సామాజిక న్యాయం పేరుతో ఈ మాటను సగం అంగీకరించింది. మిగిలిన సగం, అంటే ఎంపికకు ఆధారాన్ని బయటపెట్టడం, వచ్చే ప్రకటనలో ఉంటుందా లేదా అన్నది చూడవలసి ఉన్నది.